పొక్కు మీద మందు పెట్టే ముందు

దసరా దాటాక బంట్వారం నుంచి తాండూరు దాకా కంది చేలు పూతకొస్తాయి. ఆ పసుపు పూల మీద నల్లటి పెంకుకు నారింజ రంగు అడ్డపట్టీలున్న పురుగులు గుంపుగా కూర్చుని పూరేకులు తింటుంటాయి. చేలో వంగి పని చేస్తున్న మనిషి మెడ మీదో, మోచేతి మడతలోనో ఒకటి వాలుతుంది. చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని నలిపేస్తుంది. అప్పటికి ఏమీ అనిపించదు. రాత్రికో, తెల్లారేసరికో నలిపిన చోట చర్మం ఎర్రబడి నిండా నీరున్న పొక్కు లేస్తుంది.

ఇంట్లో ఒకరు వేడి చేసిందంటారు. పక్కింటివాళ్లు సర్పి అంటారు. పెద్దమ్మ అమ్మవారేమోనని వేపమండలు తెమ్మంటుంది. మెడికల్ షాపతను ఒక ట్యూబు చేతిలో పెడతాడు. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. కానీ వాళ్లలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: నిన్న నువ్వు ఎక్కడ పని చేశావు, ఏం ముట్టుకున్నావు?

ఆ ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవడానికే ఈ అధ్యాయం. నీటి పొక్కు ఒక జబ్బు కాదు. పురుగు రసం, నిప్పు, చెప్పు ఒరిపిడి, వైరస్, వేసుకున్న మాత్ర, ఒంట్లోని రోగనిరోధక శక్తి తిరగబడటం, ఇలా ఎన్నో వేర్వేరు దెబ్బలకు చర్మం ఇచ్చే ఒకే జవాబు. అందుకే ఒక్క పొక్కును చూసి మందు చెప్పమంటే పెద్ద డాక్టరైనా తటపటాయిస్తారు. అది ఎక్కడ లేచింది, ఏ వరుసలో లేచింది, దానికి ముందు రెండు రోజులు మీ చేతులు ఏం చేశాయి, నెల రోజులుగా ఏ మాత్రలు వేసుకుంటున్నారు అనేవి కలిస్తేనే కారణం తేలుతుంది. ఆ వివరాలన్నీ ఉన్నది మీ దగ్గరే.

ఆ నీరు ఎక్కడిది

మన చర్మం పై పొర చాలా చోట్ల మిల్లీమీటరులో పదో వంతు మందం మాత్రమే. అరచేతుల్లో, అరికాళ్లలో అది చాలా ఎక్కువ. ఆ పొరలోని కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, పొర మొత్తం కింది చర్మానికి అతుక్కుని ఉంటుంది. ఈ పట్టు ఎక్కడ వదిలితే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. చుట్టుపక్కల రక్తనాళాల నుంచి ఊరిన ద్రవం ఆ ఖాళీని నింపుతుంది. పెనం మీద జొన్నరొట్టె పొంగినప్పుడు పై పొర విడిపోయి లేచినట్టే. రొట్టెలో ఆవిరి, ఇక్కడ నీరు.

పట్టు ఎంత లోతులో వదిలిందన్నది ముఖ్యం. పైపైన వదిలితే పొక్కు మెత్తగా, వదులుగా ఉండి ఇట్టే చిట్లుతుంది, మచ్చ మిగలదు. పై పొర మొత్తం కింది చర్మం నుంచి విడిపోతే పొక్కు బిగుతుగా, గట్టిగా ఉండి త్వరగా పగలదు. పొక్కు వదులుగా ఉందా బిగుతుగా ఉందా అని గమనించి చెప్పగలిగితే డాక్టరుకు సగం దారి చూపించినట్టే.

మరో మాట. పొక్కు పైనున్న చర్మం మీ శరీరం తనకు తాను కట్టుకున్న కట్టు. బజారులో దొరికే ఏ కట్టూ అంత శుభ్రమైంది కాదు. దాన్ని పీకేయకండి. పిల్లలు గిల్లుతుంటే గోళ్లు కత్తిరించండి.

కంది పూత పురుగు, లైటు కింది పురుగు

కంది మీది ఆ పట్టీల పురుగును శాస్త్రవేత్తలు మైలాబ్రిస్ పస్టులాటా అంటారు. దాని ఒంట్లో కాంథరిడిన్ అనే పదార్థం ఉంటుంది. నలిపినా, నొక్కినా కాళ్ల కీళ్ల దగ్గర నుంచి పసుపు రంగు రసం చిమ్ముతుంది, కాంథరిడిన్ అందులోనే ఉంటుంది. ఈ కుటుంబానికి చెందిన పురుగుల నుంచి ఆ పదార్థాన్ని 1810లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పియర్ రొబికే విడదీశాడు. చర్మానికి తగిలితే అది పై పొర కణాల మధ్య పట్టును కరిగించేస్తుంది. లోతుకు పోదు కాబట్టి పొక్కు ఎంత పెద్దదైనా, చీము పట్టకుండా చూసుకుంటే వారం పది రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. ఇదే గుణాన్ని వైద్యానికీ వాడుకుంటున్నారు. పిల్లల ఒంటి మీద వచ్చే ఒక రకం వైరస్ కాయలను రాల్చడానికి కాంథరిడిన్ మందుకు అమెరికా ప్రభుత్వం 2023లో అనుమతి ఇచ్చింది. అయితే కడుపులోకి పోతే మాత్రం అది ప్రాణాంతక విషం. అమెరికాలో ఇలాంటి పురుగులు కలిసిన ఎండుగడ్డి తిని గుర్రాలు చచ్చిపోతాయి. పిల్లలు వీటిని పట్టి ఆడుకోకుండా చూడాలి.

కంది రైతుకు ఈ పురుగు మీద కోపం రావడం సహజం. పూత తినేస్తే కాయ పట్టదు. తాండూరు కందిపప్పుకు ఉన్న పేరు చిన్నది కాదు, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చేలో పురుగులు తక్కువగా ఉన్నప్పుడు వాటిని ఏరి పారేయడమే మేలైన పద్ధతి, ఎందుకంటే ఎగిరే పెద్ద పురుగును మందు కొట్టి అదుపు చేయడం కష్టం. మట్టిలో ఉండే దీని పిల్లపురుగులు మిడతల గుడ్లు తిని మనకు ఉపకారం కూడా చేస్తాయి. కానీ ఏరే పని ఎక్కువగా కూలికొచ్చిన ఆడవాళ్ల మీద పడుతుంది, అదీ వట్టి చేతులతో. దయచేసి అలా చేయించకండి. రబ్బరు చేతితొడుగులు, నిండు చేతుల పాత చొక్కా, మెడకు తువ్వాల, పురుగుల్ని దులిపి వేయడానికి సబ్బునీళ్ల బకెట్టు, ఇవి చాలు. కూలి ఇచ్చే రైతు చేతితొడుగులు కూడా ఇవ్వడం దయ కాదు, బాధ్యత. మెడ మీద వాలినదాన్ని నలపకుండా ఊదేయాలి, లేదా ఆకుతో తోసేయాలి. రసం తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి.

రెండో పురుగు వేరు. వానాకాలంలో, వరి కోతల రోజుల్లో రాత్రి పూట ట్యూబ్‌లైటు చుట్టూ మూగే పురుగుల్లో చీమలా సన్నగా, సెంటీమీటరు కూడా లేనిది ఒకటి ఉంటుంది. తల నలుపు, నడుం నారింజ, మధ్యలో నీలి మెరుపు. పెడెరస్ అంటారు, పేపర్లు యాసిడ్ ఫ్లై అని రాస్తాయి. వరిలో దోమ పురుగును తినే మేలైన పురుగే ఇది. కుట్టదు, కరవదు. కానీ నిద్రలో మెడ మీద పాకుతుంటే మనం రుద్దేస్తాం. దాని ఒంట్లోని విషం గీత గీసినట్టు పరుచుకుంటుంది. ఒక రోజు గడిచాక ఎర్రటి చార, దాని మీద సన్నటి నీటి పొక్కులు, చీము బుడిపెలు వస్తాయి. మోచేతి మడతలో అయితే ముడిచినప్పుడు ఎదుటి చర్మానికీ అంటుకుని అద్దంలో బింబంలా రెండు వైపులా ఒకే ఆకారం వస్తుంది. ఇలా జంటగా కనిపిస్తే వేరే పరీక్ష అక్కర్లేదు, పురుగే. వేళ్లకు అంటిన రసంతో కళ్లు నలుపుకుంటే కళ్లు వాచిపోతాయి.

మన పల్లెల్లో ఇలాంటి చార చూడగానే ఏదో పురుగు పారిందంటారు. ఆ మాట అక్షరాలా నిజం. ఆ నిజాన్ని పక్కనబెట్టి, ఎర్రగా ఉంది కాబట్టి సర్పి అని మంత్రానికి పోవడమే తప్పవుతోంది. రాత్రి పడుకునే ముందు మంచం మీది లైటు ఆర్పి, దుప్పటి దులిపి, కిటికీకి జాలీ కొట్టించండి. చార వచ్చాక సబ్బునీటితో కడిగి చల్లటి తడిగుడ్డ వేయండి. మంట ఎక్కువుంటే డాక్టరు కొద్ది రోజులకు స్టెరాయిడ్ పూత మందు ఇస్తారు. నల్ల మరక కొన్ని వారాలు ఉండి పోతుంది.

మనకు మనం పూసుకునేవి

కాళ్ల పగుళ్లకు నల్లజీడి నూనె పెట్టుకోవడం, మోకాలి నొప్పికి వెల్లుల్లి నూరి కట్టుకోవడం, తేలు కుట్టిన చోట జిల్లేడు పాలు పోయడం, పుండు మీద చిత్రమూలం వేరు అరగదీసి పెట్టడం. ఇవన్నీ పొక్కులు లేపుతాయి. పచ్చి వెల్లుల్లి ముద్ద కొన్ని గంటలు కట్టి ఉంచితే చర్మం కాలిపోయినట్టే అవుతుంది. నల్లజీడి మరీ గట్టిది. ఒకప్పుడు చాకలివారు ఏ ఇంటి బట్ట ఏదో గుర్తుపట్టడానికి దాని నల్లటి రసంతో గుర్తులు వేసేవారు. ఉతికినా పోని ఆ గుర్తు మెడ వెనకో, నడుం దగ్గరో చర్మానికి తగిలి దురద, పొక్కులు లేచేవి. మామిడి సొన పెదవుల పక్కన కాల్చేది కూడా ఈ కుటుంబపు రసమే. మామిడి, జీడిమామిడి, నల్లజీడి అన్నీ ఒకే వంశం. ఒక దానికి పడనివాళ్లకు మిగతావీ పడకపోవచ్చు.

ఈ కారణం మిగతావాటి కన్నా ఎక్కువ తప్పిపోతుంది, ఎందుకంటే మనం పూసుకున్నది మందు అనుకుంటాం, నేరస్తుణ్ని మందులో వెతకం. పొక్కుకు సరిగ్గా మీరు కట్టిన కట్టు ఆకారమే ఉంటే, అంచులు గీసినట్టు ఉంటే, ముందు ఆ పూత మానేయండి. గోరింటాకు పేరుతో అమ్మే నల్ల కోన్లు, తలకు వేసే నల్లరంగు కూడా ఈ లెక్కలోవే. చేను గట్ల నిండా పెరిగే వయ్యారిభామ మొక్క సంగతీ చెప్పాలి. దాన్ని పీకే రైతులకు ముఖం, మెడ, మోచేతులు విపరీతంగా దురద పెట్టి ఎర్రబడతాయి. ఒకసారి పడకపోతే అది ప్రతి ఏడూ ముదురుతుంది.

చేలో, బండల మీద, పొయ్యి దగ్గర

కొడవలి పిడి, పార పిడి, కొత్త చెప్పులు లేపే పొక్కుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చిన్నదైతే వదిలేయండి. అరికాల్లో పెద్దదై నడవలేకపోతే మరిగించిన నీళ్లలో కాచిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు మాత్రం తీసి, పై చర్మం అలాగే ఉంచి కట్టు కట్టాలి. షుగరు ఉన్నవాళ్లు మాత్రం ఈ పని ఇంట్లో అస్సలు చేయకూడదు.

తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఇళ్లు కట్టే పనికి బంట్వారం మండలం నుంచి ఎందరో తాండూరుకో, వికారాబాదుకో, హైదరాబాదుకో వెళ్తుంటారు. తడి సిమెంటు చర్మాన్ని కాల్చే క్షారం. కాల్చుతున్నట్టు వెంటనే తెలియకపోవడమే దాని ప్రమాదం. మోకాళ్ల మీద కూర్చుని గచ్చు చేసే మేస్త్రీకి ప్యాంటులోకి ఇంకిన సిమెంటు నీరు గంటల తరబడి తగులుతూ సాయంత్రానికి పొక్కులు, మరునాటికి లోతైన పుండ్లు వేయగలదు. తడిసిన బట్ట వెంటనే విప్పి నీళ్లతో ఎక్కువసేపు కడుక్కోవాలి. సున్నమూ ఇంతే.

గడ్డిమందు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్ప్రేయర్ ట్యాంకు మూత కారి నడుం తడిసినా, పని పూర్తయ్యాక స్నానం చేద్దాంలే అనుకుంటారు. పారాక్వాట్ రకం గడ్డిమందు అలా గంటలు అంటుకుని ఉంటే చర్మం పొక్కులెక్కి ఊడుతుంది, చిట్లిన చర్మం గుండా ఒంట్లోకి పోయి మూత్రపిండాలను, ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. దానికి విరుగుడు లేదు. నడుం తడిసిందంటే పిచికారీ ఆపడమే, బట్టలు విప్పి సబ్బుతో కడుక్కోవడమే. పొక్కు లేచిందంటే డబ్బా పట్టుకుని ఆసుపత్రికి పోవాలి.

పొయ్యి దగ్గర కాలిన పొక్కుకు ఒక్క మందే తెలుసుకోండి: కుళాయి నీళ్లు, 20 నిమిషాలు. ఐసు ముక్క కాదు, టూత్‌పేస్టు కాదు, పసుపు కాదు, సిరా కాదు. కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఈ నీళ్లు పనికొస్తాయి. ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి, వాపు వచ్చాక రావు. అరచెయ్యి కన్నా పెద్ద కాలిన గాయమైనా, ముఖం, చేతివేళ్లు, కీళ్లు, మర్మస్థానాలు కాలినా, చిన్నపిల్లలైనా ఆసుపత్రికే.

నొప్పి లేని పొక్కు

నొప్పి పెట్టే పొక్కు కన్నా నొప్పి పెట్టని పొక్కుకు ఎక్కువ భయపడాలి. వేడి టీ గ్లాసు పట్టుకున్నా తెలియక వేళ్ల మీద పొక్కు లేస్తే, పొయ్యి సెగ తగిలినా తెలియకపోతే, అక్కడ నరం మొద్దుబారింది. షుగరు వల్ల కావచ్చు, కుష్ఠు వల్ల కావచ్చు. కుష్ఠుకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉచితం, వేళకు వాడితే పూర్తిగా నయమవుతుంది, అవిటితనం రాదు. ఆలస్యమే అవిటితనం తెస్తుంది. మాల వేసుకుని చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు, ఎండలో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లు షుగరు ఉంటే ముందే ఆలోచించాలి. మొద్దుబారిన అరికాలు కాలినా తెలియదు. పొక్కు పుండై, పుండు కుళ్లి, వేలు తీసేసే దాకా పోయిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. దేవుడి ముందు చెప్పులు విడవడానికి గుడి గడప చాలు.

అమ్మవారు, సర్పి

పిల్లలకు జ్వరంతో మొదలై వీపు, పొట్ట మీద నుంచి ముఖానికి, చేతులకు పాకే నీటి పొక్కులు ఎక్కువగా చికెన్‌పాక్స్. అమ్మవారు పోసిందనే భావన మశూచి కాలం నుంచి వచ్చింది. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు, 1980 మేలో ప్రపంచం మొత్తం దాన్నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇప్పుడు వచ్చేది వేరే వైరస్. దాన్ని గుర్తుపట్టే తీరు ఇది: ఒకే చోట కొన్ని ఎర్ర చుక్కలుగా, కొన్ని నీటి పొక్కులుగా, కొన్ని ఎండిన చెక్కులుగా ఉంటాయి. మశూచిలో అన్నీ ఒకేసారి ఒకే దశలో ఉండేవి.

పెద్దలు పెట్టిన నియమాల్లో రోగిని విడిగా పడుకోబెట్టడం, చుట్టాల రాకపోకలు ఆపడం నిజంగా మేలైనవి. పొక్కులు కనిపించే ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ చెక్కులు కట్టేదాకా ఇది అంటుకుంటుంది. వేపాకులు పక్కన పెట్టుకుంటే నష్టం లేదు. కానీ స్నానం మానడం, పప్పు, గుడ్డు మాన్పించి పిల్లవాణ్ని నీరసపరచడం, డాక్టరుకు చూపిస్తే తల్లికి కోపమొస్తుందని భయపడటం వద్దు. తల్లి పేరు పెట్టుకున్న దేవత పిల్లవాడికి వైద్యం వద్దంటుందని నేను నమ్మను. జ్వరానికి పారాసెటమాల్ సరిపోతుంది, ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. పెద్దవాళ్లకు, గర్భిణికి, నెలల పసికందుకు వస్తే, దగ్గు ఆయాసం ఉంటే, పిల్లవాడు మగతగా ఉంటే అదే రోజు ఆసుపత్రి. దీనికి టీకా ఉంది, ప్రభుత్వ టీకాల జాబితాలో లేదు కాబట్టి ప్రైవేటులో వేయించుకోవాలి. అంగన్‌వాడీ పిల్లలకు నోట్లో, అరచేతుల్లో, అరికాళ్లలో, పిరుదుల మీద మాత్రమే పొక్కులు వస్తే అది వేరే వైరస్, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ముక్కు పక్కన, మూతి చుట్టూ పొక్కు పగిలి తేనె రంగు చెక్కు కడితే బాక్టీరియా, దానికి యాంటీబయాటిక్ కావాలి, తువ్వాలు వేరు చేయాలి.

చికెన్‌పాక్స్ తగ్గాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్ను పక్కన నరాల మొదట్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మీద పడ్డప్పుడో, జబ్బుతో ఒళ్లు నీరసించినప్పుడో ఒక్క నరం వెంట బయటికి వస్తుంది. అదే సర్పి. ముందు రెండు మూడు రోజులు ఛాతీలోనో, వీపులోనో ఒక పక్క సూదులు గుచ్చినట్టు మంట. గుండె నొప్పనో, కండరం పట్టేసిందనో అనుకుంటారు. తర్వాత అదే దారిలో పట్టీలా గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు.

పాము తల, తోక కలిస్తే మనిషి దక్కడని మన ఊళ్లలో ఉన్న భయం ఎందరి నిద్ర చెడగొట్టిందో లెక్కలేదు. నరాలు వెన్ను నుంచి కుడికొకటి ఎడమకొకటి జంటగా బయల్దేరి ఒంటి నడిమి గీత దగ్గర ఆగిపోతాయి. వైరస్ ఒక పక్క నరాన్ని పట్టుకుంది కాబట్టి పొక్కుల పట్టీ కూడా అక్కడే ఆగుతుంది. ఆ తల, ఆ తోక కలవవు. రెండు పక్కలా, ఒంటినిండా పాకితే అది రోగనిరోధక శక్తి బాగా తగ్గిందనడానికి గుర్తు, అప్పుడు ఆసుపత్రిలో చేరాలి.

ఎర్రమట్టి పూసి మంత్రం వేస్తే తగ్గిందని చాలామంది చెబుతారు. రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు వాటంతట అవే మానతాయి కాబట్టి ఎవరు ఏం చేసినా తగ్గినట్టే ఉంటుంది. తగ్గనిది నొప్పి. అరవై దాటినవాళ్లలో పొక్కులు మానాక కూడా నెలలు, ఏళ్లు అదే దారిలో మంట మిగిలిపోవచ్చు. చొక్కా తగిలినా ఓర్చుకోలేరు. వైరస్ మందు పొక్కు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే జబ్బు తీవ్రత తగ్గుతుంది. మంత్రం వేయించుకోవాలని మనసుంటే వేయించుకోండి, కానీ ఆ మూడు రోజులు మంత్రానికి ఇచ్చేయకండి. నుదుటి మీద, కంటి రెప్ప మీద, ముక్కు కొన మీద పొక్కు లేస్తే కన్ను ప్రమాదంలో ఉన్నట్టే, మూడు రోజులు కాదు, మూడు గంటలు కూడా ఆగొద్దు. చిన్న వయసులో సర్పి వస్తే డాక్టరు హెచ్‌ఐవీ, షుగరు పరీక్షలు రాస్తారు. అది అనుమానం కాదు, ముందుజాగ్రత్త. పొక్కులు ఆరేదాకా గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండండి.

ఆగకూడని పొక్కులు

కొత్త మాత్ర మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు జ్వరం, కళ్లు మండటం, నోరు పుండ్లుపడి నీళ్లు కూడా మింగలేకపోవడం, చర్మం ముట్టుకుంటే నొప్పి, మీద నల్లెర్ర మచ్చలు, వాటి మీద పొక్కులు. ఈ వరుస గుర్తుంచుకోండి. 1922లో న్యూయార్క్‌లో ఇద్దరు పిల్లల్లో దీన్ని వర్ణించిన స్టీవెన్స్, జాన్సన్ అనే వైద్యుల పేరుతోనే ఈ జబ్బును పిలుస్తున్నారు. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు దీనికి ఎక్కువగా కారణం. కోట్లమంది వీటిని క్షేమంగా వాడుతున్నారు, జరిగేది చాలా అరుదు. కానీ జరిగినప్పుడు చర్మం కాలినట్టు ఊడిపోతుంది, ప్రాణం పోవచ్చు. తర్వాతి మాత్ర వేయకుండా ఆ మాత్రల అట్ట జేబులో పెట్టుకుని అదే రోజు తాండూరు జిల్లా ఆసుపత్రికో, 2023లో మొదలైన వికారాబాదు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో వెళ్లండి. బండి లేకపోతే 108. అక్కడి నుంచి హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రికో గాంధీ ఆసుపత్రికో పంపితే వాదించకండి. తగ్గాక ఆ మందు పేరు కాగితం మీద రాసి జీవితాంతం దగ్గర ఉంచుకోవాలి. ఇదే తరహాలో తేలికది ఒకటుంది: ఒక మాత్ర వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, చేతి మీదో సరిగ్గా అదే చోట పొక్కు లేచి నల్ల మచ్చ పెడుతుంది. ఆ మాత్రను మళ్లీ ముట్టకూడదు.

నలభై, యాభై ఏళ్ల మనిషికి నెలల తరబడి నోట్లో మానని పుండ్లు, తర్వాత ఒంటి మీద ముట్టుకుంటే చిట్లిపోయే వదులు పొక్కులు వస్తే అది పెంఫిగస్ కావచ్చు. ఒంట్లోని రక్షక దళమే చర్మ కణాల పట్టును తెగగొడుతుంది. అంటువ్యాధి కాదు, పాపఫలం కాదు. స్టెరాయిడ్లు రాక ముందు దీని నుంచి బతికి బయటపడినవాళ్లు అరుదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా 1980లలో నెలకోసారి సెలైన్ ద్వారా మందు ఎక్కించే పద్ధతి మొదలుపెట్టి ఎందరికో ప్రాణం పోశారు. దేశమంతటా డాక్టర్లు ఆ దారిలో నడిచారు. ఇప్పుడు రిటుక్సిమాబ్ కూడా వచ్చింది. నోటి పుండ్లకు బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటూ నెలలు గడిపేవాళ్లలో ఈ జబ్బు దాక్కుని ఉండవచ్చు. మూడు వారాలు దాటిన నోటి పుండును చర్మ వైద్యులకు చూపించాలి. డెబ్భై దాటిన పెద్దవారికి భరించలేని దురదతో బిగుతైన పెద్ద పొక్కులొస్తే అది దీని బంధువే, కాస్త నెమ్మదైనది. షుగరుకు గ్లిప్టిన్ రకం మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

పాము కరిచిన చోట వాపు, పొక్కులు, నల్లబడటం కనిపిస్తే గాటు పెట్టడం, తాడు బిగించడం వద్దు. కాలు కదపకుండా 108లో ఆసుపత్రికి. పుట్టిన బిడ్డ ఒంటి మీద నీటి పొక్కు ఏదైనా సరే, ఇంటి మందు ఆలోచనే వద్దు, వెంటనే పిల్లల డాక్టరు.

ట్యూబు సంగతి, డాక్టరుకు చెప్పే సంగతి

మెడికల్ షాపులోనో, ఆర్‌ఎంపీ దగ్గరో ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబుల్లో దాదాపు ఎప్పుడూ గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. పురుగు చారకు రెండు రోజులు హాయినిస్తుంది. అదే ట్యూబు సర్పి మీద రాస్తే వైరస్‌కు అడ్డు తొలగుతుంది, తామర మీద రాస్తే తామర రూపం మార్చుకుని ఒళ్లంతా పరుచుకుంటుంది, ముఖానికి రాస్తూ పోతే చర్మం పలచబడి రక్తనాళాలు కనిపిస్తాయి. కారణం తెలియకుండా ట్యూబు వద్దు. శుభ్రమైన నీళ్లు, మెత్తటి పొడి గుడ్డ కప్పడం, గోకకపోవడం, ఈ మూడూ ఏ పొక్కుకైనా నష్టం చేయవు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లే ముందు ఫోనులో పొక్కు మొదటి రోజు ఫొటో తీసి పెట్టుకోండి. మీరు వెళ్లేసరికి అది పగిలి ఆకారం మారిపోయి ఉంటుంది. మొదట ఎక్కడ లేచింది, ఒక పక్కనా రెండు పక్కలా, దురదా మంటా నొప్పా అసలు ఏమీ తెలియకపోవడమా, నోట్లో, కళ్లలో ఉందా, జ్వరం ముందొచ్చిందా తర్వాతొచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నవి ఆలోచించుకోండి. రెండు రోజులుగా చేసిన పని, పూసుకున్న పసరు, నెలగా వేసుకుంటున్న ప్రతి మాత్ర, నాటు మందు కూడా దాచకుండా చెప్పండి. చదవడం రానివాళ్లు మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేసుకెళ్తే చాలు. డాక్టరు తొందరలో అడగకపోయినా, కూర్చోగానే మొదటి మాటగా చెప్పండి: సార్, నిన్న కంది చేలో ఉన్నాను.